పై రెండు తూట్లు

పటాన్‌చెరు సర్వీసు రోడ్డు మీద ఆటసామాన్ల దుకాణం. పగలు మూడు గంటలు. మందుల కంపెనీలో పనిచేసే చంద్రకాంత్, అతని కూతురు అంకిత, దుకాణం యజమాని భీమశంకరం.

"ఈ బూటు ఒక్క తన్నుకు ఊడతదా?"

"ఊడటమా? ఊడకుండా ఉండాలనేనండీ దీన్ని ఇంత కష్టపడి చేసేది."

"ఊడాలె సారూ. కాలు ఇట్ల ఇదిలిస్తే అట్ల పోయి పడాలె. గట్లాంటిది లేదా?"

"నాయినా, జెర సప్పుడు చెయ్యకు. సార్, ఆయన మాట పట్టించుకోకుండ్రి. బాస్కెట్‌బాల్‌కు సార్. ఆడేది నేను."

"ఆడేది నువ్వే. కాలు ఇరిగితే దవాఖానల కూసునేది నేను."

"ఇరగలే. లిగమెంట్ తెగింది. పదకొండు నెలల సంది చెప్తున్న, ఇరగలే అని."

"తెగితే మంచిదా మరి?"

"ఒక్క నిమిషం, ఒక్క నిమిషం. నీ పేరేంటమ్మా?"

"అంకిత."

"నా పేరు భీమశంకరం. మా ప్లాంటు బాస్కెట్‌బాల్ టీములో పన్నెండేళ్ళు ఆడాను, కాబట్టి ఈ సంగతి నాకు వదిలేయండి. ఎక్కడ ఆడతావు తల్లీ? సిమెంటు మీదా, చెక్క మీదా?"

"సిమెంట్ సార్. రుద్రారంల, మా కాలేజ్ కోర్ట్. శనివారం టీమ్ సెలక్షన్ ఉన్నది. ఫైనలియర్ నాది. ఇగ ఇదే లాస్ట్."

"ఇవాళ మంగళవారం. కొత్త బూటు కాలికి అలవాటు పడటానికి మూడు రోజులు కావాలి. సరిపోతుంది, రేపటినుంచే వేసుకుని తిరిగితే."

"అందుకే ఈ దినమే తీస్కోవాలె. పొద్దున్నే వద్దామంటే ఈయన షిఫ్ట్ అయ్యేదాక ఆగమన్నడు."

"ఒక్కతే వస్తనన్నది సారూ. నేనే వద్దన్న. ఒక్కతే వస్తే దుకాణపోడు ఏదంటగడితే అది తెచ్చుకుంటది."

"ఆ దుకాణపోణ్ణి నేనేనండీ."

"నీ గురించి కాదు సారూ."

"నా గురించే. పర్లేదు, కూర్చోండి. మీ పేరు?"

"చంద్రకాంత్. ఈడనే, మందుల కంపెనీల. రియాక్టర్ సెక్షన్, మందులు ఉడికే ట్యాంకుల కాడ. ఇరవై నాలుగేండ్లాయె."

"అమ్మా అంకితా, రెండు కాళ్ళూ ఈ పలక మీద పెట్టి నిలబడు. సాక్సుతోనే. బరువు రెండింటి మీదా సమానంగా వేయి."

"ఏస్తున్న సార్."

"వేయటం లేదు. కుడికాలు మీద ఆనటం లేదు నువ్వు."

"ఆనుతున్న."

"ఆనుతలేదు సారూ. ఇంట్ల గూడ గంతే. మెట్లు దిగేటప్పుడు నేను సూస్తున్న గద."

"నువ్వు నా కాళ్లు సూసుడు బంజెయ్యి నాయినా. ఆ దినం సంది నా మొకం సూడవ్, కాళ్లే సూస్తవ్."

"కుడికాలు ఎనిమిది. ఎడమది ఏడున్నర. పెద్దదాని కొలతే తీసుకుందాం. ఎనిమిది."

"తొమ్మిది ఇయ్యి సారూ."

"ఎనిమిది కొలిస్తే తొమ్మిది ఎందుకండీ?"

"ఒక సైజు పెద్దది తీస్కోవాలె. పాతయి గూడ తొమ్మిదే."

"పెరిగే వయసు కాదు కదా. ఇరవై ఏళ్ళుంటాయా?"

"ఇరవై ఒకటి సార్."

"ఇరవై ఒకటి. ఇంక కాలు పెరగదండీ."

"పెరిగేటందుకు కాదు సారూ. అల్కగ ఊడనీకి."

"మళ్ళీ అదే మాట."

"ముందట ఇనుము ఉన్నదా దీనికి?"

"ఇనుమా?"

"కాలి ఏళ్ల మీద ఏమన్న పడితే?"

"బాల్ పడతది నాయినా. బాల్ పడితే ఏళ్లు పోవు. సార్, ఆ నల్లది సూపియ్యుండ్రి, ఆ తెల్లది గూడ. నువ్వు ఆ స్టూల్ మీద కూసో నాయినా. ఫోన్ సూసుకో."

"ఫోన్ల ఏమున్నది? ఫోన్ సూసుకుంట కూసుంటే బూటెవలు సూస్తరు?"

"ఇదిగో తల్లీ, ముందు ఈ తెల్లది. తేలిక. పైనంతా అల్లిక గుడ్డ, గాలాడుతుంది. కుర్రాళ్ళంతా ఇదే అడుగుతారు. కానీ అడుగుభాగం చూడు, గోరుతో నొక్కు."

"మెత్తగున్నది."

"చెక్క కోర్టు కోసం చేసింది. మీ సిమెంటు మీద రెండు నెలలకే నున్నగా అరిగిపోతుంది. ఇక ఈ నల్లది. నొక్కు."

"గోరు దిగుతలేదు సార్."

"గట్టి రబ్బరు. గీతలు చూశావా, చేపముల్లులాగా అటూ ఇటూ వంకర తిరిగి ఉన్నాయి. ఏ వైపు ఆగినా పట్టుకుంటుంది. లోతు గనుక దుమ్ము గీతల్లోకి పోతుంది. మీ కోర్టు మీద దుమ్ము ఎక్కువేగా?"

"హైవే పక్కనే సార్. ఎన్నిసార్లు ఊడ్చినా పొద్దుమీకి దాక మల్ల పడతది. అరచేత్తోని సోల్ తుడుసుకుంట ఆడ్తం."

"నూనె మీద జారుతదా సారూ ఇది?"

"నూనె మీద ఎవలు ఆడ్తరు నాయినా?"

"నిన్ను అడగలే. సారును అడిగిన."

"అమ్మా, ఇటు చూడు. మధ్యలో పట్టుకుని మెలితిప్పు. తిరిగిందా?"

"తిరుగుతలే."

"ఇప్పుడు ముందు భాగం వంచు."

"వంగుతున్నది."

"అంతే. వేళ్ళ దగ్గర వంగాలి, నడుమ మెలిక పడకూడదు. వెనకాల ఈ గట్టి కప్పుంది చూశావా, మడమ ఇందులో కూర్చోవాలి. కూర్చున్నాక ఇక కదలకూడదు. బూటంతా ఒక ఎత్తు, ఈ కప్పు ఒక ఎత్తు."

"దీని మెడ కాలి గిలకల దాక ఉన్నది సారూ. ఇది వద్దు. పొట్టిది ఇయ్యి. ఇంత ఎత్తుంటే తీసేటందుకే పావుగంట పడతది."

"మ్యాచ్ నడుమ బూట్లెవలు తీస్తరు? నీకు దిమాగ్ ఉన్నదా నాయినా?"

"నలుగురిల దిమాగ్ గిమాగ్ అనకు. ఎనిమిదో తరగతి సంది నేను తెచ్చినయే ఏసుకున్నవ్. అప్పుడు ఏమనలే."

"ఏసుకున్న. ఏసుకునే కింద పడ్డ."

"బూట్లతోని పడలే. మీ కోచ్ దుంకమన్నడు, దుంకినవ్, పడ్డవ్."

"బాస్కెట్‌బాల్‌ల దుంకకుంటే ఏం చేస్తరు? కూసుంటరా?"

"కూసున్నోళ్లకు కాళ్లు తెగవ్."

"గందుకేనా దవాఖానకొచ్చిన కోచ్ సార్‌ను అందరి ముంగట తిట్టినవ్? ఆయన పండ్లు పట్టుకొని వచ్చిండు. పండ్లు గూడ తీస్కోలే నువ్వు. ఆ దినం సంది ఆయన నా దిక్కు సూడాల్నంటేనే ఒకమాదిరి చేస్తడు. శనివారం సెలెక్ట్ చేసేది ఆయనే."

"సూడకుంటే సూడకపాయె."

"ఇన్నరా సార్? సూడకుంటే సూడకపాయె అంట."

"ఇద్దరూ కాసేపు ఆగండి. పాత జోడు తెచ్చారా? పాతది చూడందే నేను కొత్తది ఇవ్వను. డాక్టరు నాలుక చూసినట్టే అనుకోండి."

"బ్యాగుల ఉన్నయ్ సార్. పారేద్దామనుకున్న, చెయ్యి రాలే. ఇగోండ్రి."

"ఆ రోజు వేసుకున్నవి ఇవేనా?"

"ఇవే. జహీరాబాద్ టీమ్‌తోని ఆడుతున్నం. రీబౌండ్‌కు లేచిన. బాల్ దొరికింది గూడ. దిగినప్పుడు బూటు ఒక దిక్కు, కాలు ఒక దిక్కు. సప్పుడు ఇనొచ్చింది సార్, పాత చీర చింపినట్టు."

"చెప్పకు ఆ ముచ్చట."

"చెప్త. నువ్వు ఇనకు."

"కుడిది... ఊఁ. లోపల చూడండి, మడమ దగ్గర గుడ్డంతా చిరిగి స్పాంజి బయటపడింది. ఎడమదీ అంతే. ఇక్కడ ఎందుకు చిరుగుతుందో తెలుసా?"

"పాతగైతే చినుగుతది."

"కాదండీ. మడమ పైకీ కిందకీ జారితే చిరుగుతుంది. రోజూ జారింది. నెలల తరబడి జారింది. అడుగు చూడండి, నిక్షేపంలా ఉంది, ఇంకో ఏడాది ఆడొచ్చు. బూటులో దోషం లేదు. మంచి బూటే కొన్నారు మీరు."

"ఇన్నవా? మంచి బూటే అంటుండు సారు."

"ఆగండి. తల్లీ, ఒక్క వైపు లేసు రంధ్రాలు ఎన్ని ఉన్నాయి?"

"ఏడు."

"లేసు ఎన్నింట్లో ఉంది?"

"అయిదింట్ల."

"ఈ పై రెండూ చూడు. చుట్టూ రంగు కూడా పోలేదు. లేసు రాసుకున్న మచ్చ లేదు. పెట్టెలోంచి ఎలా వచ్చాయో అలాగే ఉన్నాయి. వీటిల్లో లేసు ఒక్కసారి కూడా ఎక్కలేదు."

"అవి ఎక్కియ్యం సార్. అవి ఖాళీగనే ఉంచాలె గద."

"ఎవరు చెప్పారు?"

"ఎవలు చెప్పుడేంది. చిన్నప్పటి సంది గంతే. స్కూల్ బూట్లకు గూడ. పై రెండు తూట్లు ఇడిసిపెట్టాలె, కింద వదులుగ, ఒకటే ముడి. అందరు గట్లనే కట్టుకుంటరు గద?"

"ఎవరూ అలా కట్టుకోరమ్మా."

"సారూ, ఆ తెల్లదాంట్ల పొట్టిది ఉన్నదా? ఒకపారి సూపియ్యి."

"నాయినా."

"సిమెంట్ మీద అరిగితే అరగనీ. మల్ల కొనిస్త."

"నాయినా. ఎవలు గట్ల కట్టుకోరంటుండు సారు."

"సారుకేమెర్క."

"ఈ పై రెండు రంధ్రాలే చీలమండను పట్టుకునేవి. ఇవి కట్టకపోతే మడమ కప్పులో కూర్చోదు. పైగా ఒక సైజు పెద్ద. అంత ఎత్తునుంచి దిగినప్పుడు బూటు నేలను పట్టుకుని ఆగింది. కాలు లోపల జారి పక్కకి పోయింది. నువ్వు దిగటంలో తప్పేం లేదు తల్లీ. ఎలా దిగినా ఏదో ఒక రోజు జరిగేదే."

"మల్లొక్కపారి చెప్పుండ్రి సార్."

"నీ తప్పు కాదు."

"అది కాదు. ఎందుకైందో అది చెప్పుండ్రి. మా నాయిన ఇనాలె."

"ఇన్న. నాకు చెవుడు లేదు."

"ఇన్నవా? ఇంటే ఏమన్న మాట్లాడు."

"ఏం మాట్లాడాలె?"

"పదకొండు నెలలు నాయినా. కోచ్ సార్ నీ దిగుడు తప్పు అన్నడు. నేను నమ్మిన. ఫిజియో దగ్గర చెప్పిన, నా దిగుడు తప్పు సార్ అని. డాబా మీద పాత పరుపు ఏసుకొని దుంకిన. ఒంటికాలు మీద నిలబడి పండ్లు తోముకున్న. కండ్లు మూస్తే గూడ కాలు ఎట్ల పెట్టాల్నో అదే ఆలోచన. నా కాలును నేనే తిట్టుకున్న. ఎవలన్న సొంత కాలును తిట్టుకుంటరా? రవళి నా జాగల ఆడుతుంటే బయట కూసొని నీళ్ల బాటిళ్లు అందించిన. అంత చేసి, అంత ఏడ్చి, సూస్తే ఏంది, రెండు తూట్లు. నువ్వు నేర్పిన రెండు తూట్లు."

"డాబా మీద దుంకమని నేను చెప్పిన్నా?"

"మాట మార్చకు."

"నీ మంచికే నేర్పిన."

"నా మంచికా?"

"ఏమన్న అయితే కాలు ఎంటనే బయటికి రావాలె. లేసులు బిగ్గ ఉంటే రాదు. నేను కండ్లతోని సూసిన."

"యాదన్న పెదనాయిన ముచ్చట తియ్యకు."

"తీస్త."

"యాదన్న ఎవరండీ?"

"నా జోడీ సారూ. ఒకటే షిఫ్ట్, ఒకటే రియాక్టర్, తొమ్మిదేండ్లు. ఒకటే డబ్బాల తిన్నం. ఒక దినం పైపు జాయింట్ లీకై ఆయన కాలు మీద కాస్టిక్ పడ్డది. కాస్టిక్ అంటే సారూ..."

"తెలుసండీ. నేనూ ప్లాంటువాణ్ణే. ఒళ్ళు తినేస్తుంది."

"వేడిది. బూటు పైకెల్లి లోపలికి దిగింది. పక్కనే షవర్ ఉన్నది, ఉరికిచ్చి నీళ్ల కింద నిలబెట్టినం. పైన ఎన్ని నీళ్లు పోస్తే ఏంది, బూటు కాలికే ఉండె. బూటు ఉన్నంత సేపు లోపల అది తింటనే ఉంటది. రెండు ముళ్లు. తడిసి ఇంక బిగుసుకున్నయ్. గోరు దిగలే. కత్తి కోసం స్టోర్‌కు ఉరికిన్రు. తెచ్చేటాలకు నాలుగు నిమిషాలు."

"అయ్యో."

"సగం పాదం తీసేసిన్రు."

"ఆయన చేతులతో ఆయన విప్పుకోలేకపోయాడా?"

"చెయ్యికి కట్టు ఉండె సారూ. ముందటి దినమే డ్రమ్ము అంచు కోసుకొని కుడిచెయ్యికి ఆరు కుట్లు పడ్డయ్. ఒక్క చేత్తోని ఏమిప్పుతడు."

"ఒక్క చేత్తో విప్పలేనివాడు మరి..."

"అయిపోయింది సారూ. పద్నాలుగేండ్లాయె. అప్పటి సంది మా సెక్షన్ల ఎవ్వలు పై రెండు తూట్లు కట్టరు. సేఫ్టీ ఆఫీసర్ వచ్చి తిడ్తడు, కట్టుండ్రి అంటడు. ఆయన ముంగట కట్టి, ఆయన పోయినంక ఇప్పుతరు. బీహార్ కెల్లి కొత్తగ వచ్చినోళ్లకు ఫస్ట్ దినం నేను గదే నేర్పుత. కాలు ఇదిలియ్యి, బూటు అవుతల పడాలె. పడ్డదా, పైకి రా. పడలేదా, కిందనే ఉండు."

"నేను ఎప్పుడన్న నీ రియాక్టర్ ఎక్కిన్నా?"

"ఏ దినం ఏమైతదో ఎవలకెర్క."

"కోర్ట్‌ల కాస్టిక్ పోస్తరా? చెప్పు. రెఫరీ తెచ్చి పోస్తడా?"

"ఎకసెక్కాలు వద్దు."

"నాకు ఏడేండ్లున్నప్పుడు తీస్కపోయినవ్, యాది ఉన్నదా? కొండాపూర్ దాటి, వాళ్ల ఊరికి. పెదనాయిన మంచం మీద కూసున్నడు. కాలు మీద తువ్వాల. నా బిడ్డకు సూపియ్యి అన్నవ్. ఆయన వద్దన్నడు. చిన్న పిల్లరా, దడుసుకుంటది అన్నడు. నువ్వే తువ్వాల తీసినవ్. నేను సూసిన. ఇంటికొచ్చినంక నా స్కూల్ బూట్లు ముంగటేసుకొని లేసులు ఇప్పినవ్. పదిసార్లు తన్నిపిచ్చినవ్. గోడకు పోయి తాకినయ్. అమ్మ నవ్వింది. నేను గూడ ఆట అనుకున్న."

"ఆటనే. ఏడ్సినవా అప్పుడు? ఏడ్వలే."

"ఇప్పుడు ఏడుస్తున్న."

"ఏడ్వకు. దుకాణంల ఉన్నం."

"నెల నెల పోతవ్ ఆయన తానికి. మొదటి ఆదివారం వచ్చిందంటే మాంసం పట్టుకొని పోవుడే. నాకు ప్లాస్టర్ ఏసిన వారం గూడ ఆదివారమని పోయినవ్. నేను బాత్‌రూంకు పోవాల్నంటే పక్కింటి అన్నపూర్ణ ఆంటీ వచ్చి పట్టుకున్నది. ఏమనలే నేను. కానీ ఒకటి సూడు. పెదనాయిన ఏనాడు లేసుల ముచ్చట తియ్యలే. పోయినప్పుడల్ల ఎన్ని బాల్స్ ఏసినవ్ బిడ్డా అంటడు, సీతాఫలాలు ఇస్తడు. నువ్వే చెప్తవ్. కాలు పోయింది ఆయనది, భయం నీది."

"పెద్ద పెద్ద మాటలు మాట్లాడకు."

"ఒక్కటడుగుత. అంత బిగ్గ రెండు ముళ్లు ఎందుకేసుకున్నడు ఆయన? ఆయనకు తెల్వదా?"

"యాదన్నను ఏమనకు."

"ఆయన ఏసుకున్న ముడికి నా కాలెందుకు తెగాలె?"

"యాదన్నను ఒక్క మాట అనకు అంకితా. మంచిగుండదు చెప్తున్న. నన్ను అను. ఎంతనన్న అను. ఆయనను అనకు."

"గొంతు లేపకు."

"నువ్వు దించు."

"చంద్రకాంత్ గారూ, మంచినీళ్ళు తాగండి."

"వద్దు సారూ."

"అయితే ఒక పని చేద్దాం. మాటలతో తేలేది కాదు. తల్లీ, ఈ నల్లదాంట్లో ఎనిమిదో నంబరు తొడుక్కో. కూర్చోకు, నిలబడే ఉండు. బరువు కాలు మీద ఉండగా కట్టాలి, అప్పుడే పాదం తన చోట ఉంటుంది. నువ్వు వంగి కట్టుకుంటే మడమ లేస్తుంది. మొదటిసారి ఇంకొకరు కట్టాలి. నేనే కట్టేవాణ్ణి, నా నడుం వంగదు. మీరు కట్టండి."

"నేనా?"

"మీరే. ఏడు రంధ్రాలకీ ఎక్కించండి. పై రెండింట్లో లేసు వెనక్కి తిప్పితే ఇలా చిన్న ఉంగరంలా వస్తుంది. అవతలి లేసు అందులోంచి తీయాలి."

"నాకు రాదు సారూ."

"నిజంగనే రాదు సార్. పెండ్లిండ్లకు గూడ చెప్పులే ఏసుకొని వస్తడు. డ్యూటీకి లేసుల్లేని బూట్లు అడిగి తీస్కుంటడు. నాకు నేర్పినప్పుడు గూడ నోటితోనే చెప్పిండు, నా చేతులతోనే కట్టిచ్చిండు. ఇప్పుమంటే ఇప్పుతడు, కట్టుమంటే కట్టడు."

"బస్సు పోతది అంకితా. నడువు, రేపొద్దాం."

"బస్సులు పది నిమిషాలకొకటి ఉన్నయ్. కట్టు."

"సారును కట్టమను."

"సారుకు నడుం వంగదట. నీకు వంగుతది. తప్పు నేర్పినోనివి నువ్వే, సక్కగ చేసేది గూడ నువ్వే. కూసో కింద."

"కూసున్న. కాలు కదపకు."

"కదపలే."

"ఇగో. కట్టిన."

"అయిదింటికే కట్టినవ్."

"సాలుతది."

"సార్, మీరు జెర అటు జరుగుండ్రి. సూడు నాయినా."

"అమ్మాయ్, అద్దం, అద్దం."

"సూసినవా? ఒక్క తన్నుకు పోయి కౌంటర్‌కు తాకింది. నీకు కావాల్సింది గిదే గద. శనివారం గూడ గిట్లనే తంత. పన్నెండు మందిని తీస్కుంటరు, నేను పదమూడోదాన్ని అయిత. ఇంట్ల కూసుంట. కూసున్నోళ్లకు కాళ్లు తెగవ్ గద. అప్పుడు సంబురమేనా నీకు?"

"నేనెప్పుడన్న ఆడకు అన్ననా?"

"అనలే. అంటే బాగుండు. ఆడు బిడ్డా అని పంపి, బూటు వదులుగ కట్టిచ్చినవ్."

"ఇటు తే ఆ బూటు."

"ఏడు కట్టాలె."

"ఏడు. ఎక్కిస్తున్న. సారూ, గిట్లనా?"

"అంతే. అటుది కూడా. మడమ వెనక్కి ఆనించు తల్లీ. ఇప్పుడు లాగండి. పైకి కాదు, పక్కలకి. ఇంకా."

"ఇంకనా?"

"ఇంక గుంజు నాయినా. తెగదు."

"బాగుంది. ముడి వేయండి. దాని మీద రెండోది కూడా."

"రెండోది వద్దు సారూ."

"ఆటలో లేసు ఊడిందంటే దాని మీద అదే కాలు పడుతుందండీ. రెండు ముళ్ళు ఉండాలి."

"ఒకటి సాలు."

"ఎయ్యి నాయినా. పదకొండు నెలలు పోయినయ్ నాయి. ఒక్క ముడి ఎయ్యలేవా నాకోసం?"

"మొండిదానివే నువ్వు."

"ఎవల బిడ్డను? ఎయ్యి."

"ఏసిన. లే. ఏసిన పో."

"రెండో కాలుకు గూడ. అటు కాదు, గిట్ల. ఆఁ."

"ఇప్పుడు ఆ చెక్క మీద ఎగురమ్మా. ముందు చిన్నగా. పక్కకి దిగు."

"సార్."

"ఏంటి, నొప్పా?"

"కదుల్తలేదు సార్. మడిమె లోపల కదుల్తనే లేదు. బూటంటే గిట్లుంటదా? నాకు తెల్వనే తెల్వదు. మల్లొక్కపారి... సూసిన్రా? కుడికాలు మీద దిగిన. నాకు యాదికే లేదు సార్, దానిమీదనే దిగిన."

"చూశాను తల్లీ. శనివారం కూడా అలాగే దిగు."

"నాయినా, సూసినవా? ఏం సూసినవ్, నేల సూస్తున్నవ్. జెర గట్టిగైంది, కానీ మంచిగనే ఉన్నది."

"ఏమన్నవ్?"

"జెర గట్టిగైంది అన్న. కొత్తది గద."

"ఇటు రా. కాలు ఇటియ్యి."

"ఎందుకు? ఇంకోపారి దుంకుత."

"కాలు ఇటియ్యి అంటున్న. ఇది ఇప్పాలె. ఇది... గోరు దిగుతలేదు. సారూ, కత్తెర ఉన్నదా? జల్దీ ఇయ్యి."

"కత్తెర ఎందుకండీ? ఉండండి, నేను మెల్లగా విప్పుతాను."

"జల్దీ ఇయ్యి సారూ."

"నాయినా, ఇడువు. కాలు ఇడువు. ఏమైంది నీకు? నాకేం కాలే, మంచిగనే ఉన్న. కొత్త బూటు కోస్తవా ఏంది?"

"గట్టిగైంది అన్నవ్ గద."

"అంటే? గంతదానికే కత్తెరనా?"

"యాదన్న గూడ గదే అన్నడు."

"ఎప్పుడన్నడు?"

"ఆ దినం. చెయ్యికి కట్టు ఉన్నది, లేసులు మెట్ల మీద ఈడుస్తున్నయని డ్రమ్ము మీద కూసోబెట్టి నేనే కట్టిన. గట్టిగైందిరా, జెర వదులు చెయ్యి అన్నడు. ఊడదు ఇగ, నడువు అని నవ్విన."